శనివారం నాలుగింటి తల్లి

కిందటి వారం మనం కనకరత్నం గది గుమ్మం దగ్గర ఆగాం. శనివారం మధ్యాహ్నం మూడుంబావు. స్టీల్‌ప్లాంటు బూట్లు వేసుకున్న ఒక మనిషి మెట్లెక్కి వచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితాలు ఆమె ముందుకు చాపి, "ఇయ్యి రాసింది నువ్వేనా?" అని అడిగాడు.

కనకరత్నం ఎవరో మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకీ కొంచెం చెప్పాలి. ఆమెది కాకినాడ వైపు. పెళ్ళి చేసుకుని విశాఖపట్నం వచ్చి, పోర్టు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఆరేళ్ళు ఆపరేటరుగా పనిచేసింది. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చాక ఆపరేటర్లతో పని లేకుండా పోయింది. తోటివాళ్ళు ఇంట్లో కూర్చుంటే, ఆమె అప్పటికే దూరవిద్యలో సైకాలజీ ఎమ్మే పూర్తిచేసి, కౌన్సెలింగులో శిక్షణ తీసుకుని ఉంది. యాభై రెండో ఏట, 2005లో, ద్వారకా నగర్‌లో ఒక ఎంసెట్ కోచింగ్ సెంటర్ పైన చిన్న గది అద్దెకు తీసుకుంది. ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, ఒక బ్రాడ్‌బ్యాండ్ లైను. తల్లిదండ్రులకీ కుటుంబాలకీ ఇంటర్నెట్‌లో సలహాలు చెప్తానని పేపర్లో చిన్న ప్రకటన ఇచ్చింది.

అందరూ నవ్వారు. ఇంటి గొడవలు కంప్యూటర్లో ఎవరు చెప్పుకుంటారన్నారు. కానీ చెప్పుకున్నారు. కౌన్సెలింగుకి వెళ్తే పిచ్చి అంటారేమోనని భయపడేవాళ్ళు, ఇంటర్నెట్ సెంటర్లో మూల కంప్యూటరు దగ్గర కూర్చుని, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, తమ పేరు లేకుండా కష్టం చెప్పుకున్నారు. అలా వచ్చినవాళ్ళలో ఒకరు 'ఒక తల్లి'. పదకొండు వారాలుగా మెయిల్స్ రాస్తోంది. ప్రతి శనివారం సరిగ్గా నాలుగు గంటలకు మెసెంజర్లోకి వస్తుంది. కొడుకు పోయి రెండేళ్ళయిందనీ, అప్పట్నుంచి తానూ భర్తా మాట్లాడుకోవడం లేదనీ, ఇంట్లో ఏం చెప్పాలన్నా కూతురి ద్వారానే చెప్పుకుంటున్నారనీ రాసింది. అంతకు మించి ఆమె పేరు గానీ, ఊరు గానీ కనకరత్నానికి తెలియవు.

"నేనే రాశానండీ," అంది కనకరత్నం. "కూర్చోండి."

"కూకోడానికి రాలేదు." అతను కూర్చోలేదు. నలభై అయిదేళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో బొగ్గు నలుపు పోలేదు. పొద్దుటి ఎ షిఫ్టు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా బస్సెక్కినట్టున్నాడు. "నా పేరు అప్పలసూరి. ప్లాంటులో బొగ్గు కాల్చే కోకోవెన్స్‌లో సేత్తాను. మా ఇంట్లో ఏటి జరుగుతన్నాదో నాకు తెల్దు గానీ నీకు తెల్సు. ఏటండి ఇది? ఎవరో ఊరూపేరూ లేని మనిషికి మా ఆడది ఇంటి ఇసయాలు సెప్పడం, దానికి నువ్వు పాఠాలు సెప్పడం. అదీ సదువుకునే పిల్ల సేత మొయ్యించడం."

"కాగితాలు మీకెక్కడ దొరికాయి?"

"మా గుంట పుస్తకాల సంచిలో. శనివారం స్పెషల్ క్లాసుకి రావట్లేదని బడినుంచి సీటీ వచ్చింది. టెన్త్ క్లాసు పిల్ల. ఎక్కడికెల్తందో అని సంచి ఇప్పి సూత్తే ఇయ్యి కనపడ్డాయి. రాత్రి అడిగితే నోరిప్పలేదు. అది నోరిప్పదు, వాళ్ళమ్మ ముందే నోరిప్పదు. సెప్పడానికి ఇంకెవరున్నారు? కాగితం అడుగున నీ పేరూ అడ్రసూ ఉన్నాయి, అందుకని నీ దగ్గరికొచ్చాను."

ఎక్స్ఛేంజిలో పనిచేసిన రోజుల్లో వేరే ఊళ్ళకి కలిపే ట్రంకు కాలు మూడు నిమిషాలకొక లెక్కగా ఉండేది. మాటలు వినకూడదని రూలు. అయినా లైను సరిగా కలిసిందో లేదో చూసుకునేటప్పుడు చెవిలో పడేవి. మొదటి నిమిషం క్షేమసమాచారాలు, రెండో నిమిషం కోపాలు. అసలు మాట ఆఖరి అర నిమిషంలో బయటికొచ్చేది. ఆ ఆఖరి అర నిమిషం కోసం ఓపిక పట్టడం కనకరత్నానికి అక్కడే అబ్బింది. పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది దాని తరవాతే.

అందుకే ఆమె తొందరపడలేదు. ఫ్లాస్కులోంచి రెండు గ్లాసుల్లోకి టీ పోసింది. ఒకటి అతని వైపు జరిపింది. కింద కోచింగ్ సెంటర్లో ఎవరో లెక్చరరు మైకులో ఫార్ములాలు చెప్తుంటే, పిల్లలు వెనకే అంటున్నారు.

"నాను పోలీసు కంప్లైంటు ఇవ్వగల్ను," అన్నాడు అప్పలసూరి.

"ఇవ్వచ్చు."

"మా ఆడది ఏటేటి సెప్పింది నీకు? సెప్పు. నాను కొడతానని సెప్పిందా? తాగుతానని సెప్పిందా?"

"అవి నేను చెప్పకూడదండీ. నాకెవరు ఏం చెప్పుకున్నా అది నా దగ్గరే ఉంటుంది. రేపు మీరు చెప్పుకున్నా అంతే. మీ భార్య వచ్చి అడిగినా చెప్పను."

ఆ మాటకి అతను కొంచెం తగ్గాడు. మడత కుర్చీ లాక్కుని అంచు మీద కూర్చున్నాడు. టీ ముట్టుకోలేదు.

"మాది ప్లాంటు కోసం పొలం ఇచ్చిన ఊరు," అన్నాడు. ఇప్పుడు గొంతు వేరుగా ఉంది. "భూమి పోయింది, ఉద్యోగం వచ్చింది. మా అయ్య సదువుకోలేదు, నాను పదో తరగతి. మా సందీప్‌గాడిని ఇంజినీరు సెయ్యాలనుకున్నాం. ఇంటర్ పరీక్షలైన మర్నాడు స్నేహితుల్తో అప్పికొండ ఎల్లాడు. సముద్రంలో దిగాడు. ఆరోజు నాను రాత్రి సి షిఫ్టు సేసొచ్చి పడుకున్నాను. లేచేతలికి ఇంటి నిండా జనం."

కనకరత్నం తన టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"ఆసుపత్రి వరండాలో మా గౌరీశ్వరిని ఒక మాటన్నాను. నువ్వు పంపబట్టే ఎల్లాడు, నా కొడుకుని నువ్వే సంపీసినావని. అందరూ ఉన్నారు. అది ఏటీ అనలేదు. అప్పట్నుంచీ నాతో ఒక్క మాట మాటాడలేదు. నాను మాత్రం ఏటి మాటాడతాను? తప్పయిపోనాదని సెప్పాలంటే ముందు పిలవాలి కదా. రెండేళ్ళు గడిచిపోనాయి, ఎలా పిలవాలో తెలీట్లేదు."

ఈ సంగతిలో సగం కనకరత్నానికి తెలుసు. ఆసుపత్రి వరండా, అక్కడన్న మాట, అన్నీ మెయిల్స్‌లో ఉన్నాయి. తెలియనిది ఇంకేదో ఉందని మాత్రం ఇప్పుడే అనిపించింది.

"మీ ఆవిడ ఇంటర్నెట్ సెంటర్‌కి ఒక్కరే వెళ్తారా?" అని అడిగింది.

అప్పలసూరి ఆమె వైపు వింతగా చూశాడు. "గౌరీశ్వరా? బాబు పోయినకాడ్నించి అది మా టౌన్‌షిప్పు సెక్టారు దాటి ఎల్లలేదండి. రేషను తేవడానికీ పిల్లే ఎల్తాది."

"చదువు?"

"మూడో తరగతి. సంతకం పెడతాది. బస్సు మీద నంబరు సూసి ఎక్కుతాది. అందుకే కదండి నా కోపం. ఇంట్లో పిల్లని పక్కన కూకోబెట్టుకుని తను సెప్పి, సెంటర్‌కి పంపి పిల్ల సేత టైపు కొట్టించింది. ఇంట్లో జరిగిందంతా పసిదాని సేత రాయించింది. అది న్యాయమా?"

కనకరత్నం టీ గ్లాసు కింద పెట్టింది.

పదకొండు వారాల్లో పద్ధెనిమిది మెయిల్స్. అన్నీ ఆమెకు దాదాపు కంఠతా వచ్చు. అందులో ఒకచోట 'మా అన్న ఫొటో' అని ఉండి, మరుసటి మెయిల్లో 'తప్పు పడింది, మా అబ్బాయి ఫొటో' అని ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ళకి తప్పులు పడడం మామూలేనని అప్పుడు పట్టించుకోలేదు. శనివారం నాలుగు గంటలు. బడి స్పెషల్ క్లాసు జరిగే వేళ. మెయిల్స్‌లో ఎక్కడా వంట గురించి, ఒంటి నొప్పుల గురించి, చుట్టాల గురించి లేదు. నలభై ఏళ్ళ ఆడమనిషి పద్ధెనిమిది ఉత్తరాల్లో ఇవేవీ రాయకుండా ఉంటుందా? తను ఎందుకు పోల్చుకోలేకపోయింది?

ఇరవై ఆరేళ్ళు గొంతు విని మనిషి ఎవరో చెప్పగలిగేది. అక్షరాల్లో గొంతు ఉండదని మరిచిపోయింది.

అయినా చెప్పే హక్కు తనకి లేదు. ఆ మెయిల్స్ ఎవరు రాశారో వాళ్ళే చెప్పాలి, లేదా ఈయన తనంతట తను తెలుసుకోవాలి. ఆమె కాసేపు ఆలోచించి అడిగింది.

"ఈ కాగితాలు మీరు మొత్తం చదివారా?"

"ఇంగ్లీషక్షరాలు. కూడబలుక్కుని పై కాగితం సదివాను. 'మీరు మీ భర్తతో ఒకే గదిలో కూర్చుని భోజనం చెయ్యడానికి ప్రయత్నించండి' అని ఉంది. నాకు మండిపోయింది. ఎనక కాగితం సూడలేదు."

"పైది నేను రాసింది. వెనకది నాకు వచ్చిన మెయిల్. జవాబు కింద అది కూడా అచ్చవుతుంది. కాగితం మీ చేతిలోనే ఉంది, మీ పిల్ల సంచిలోంచి వచ్చిందే. అది మీరు చదవండి. నిదానంగా చదవండి. నేను ఏమీ చెప్పను."

అప్పలసూరి జేబులోంచి కళ్ళజోడు తీశాడు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కలుపుకుంటూ, చిన్నపిల్లాడిలా పైకే చదివాడు.

"మా ఆయన... చెడ్డవాడు కాదు మేడమ్ గారూ. కోపం... మాటల్లోనే. బి షిఫ్టు చేసి... పదకొండింటికి వస్తాడు. అప్పటికి నేను... పడుకున్నట్టు కళ్ళు మూసుకుంటాను. చప్పుడు కాకుండా బూట్లు చేత్తో పట్టుకుని వస్తాడు. వచ్చి... దుప్పటి సరిగ్గా కప్పుతాడు. నుదుటి మీద చెయ్యి పెట్టి... జ్వరం ఉందేమో చూస్తాడు. కాసేపు అక్కడే కూర్చుంటాడు. ఒక్కోసారి... ఏడుస్తాడు. నేను కళ్ళు తెరవను. తెరిస్తే... మళ్ళీ రాడేమోనని..."

అక్కడ ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఆ వాక్యాలే మళ్ళీ చదివాడు. ఈసారి పైకి కాదు.

"గౌరీశ్వరి వేరే గదిలో పడుకుంటాదండి," అన్నాడు, కాగితం దించి. "ఆ గది తలుపు లోపల గడియ ఉంటాది. రెండేళ్ళ నుంచి నాను ఆ గదిలోకి ఎల్లలేదు."

కనకరత్నం అతని చేతిలోని కాగితం వైపు చూసింది.

"దుప్పటి నాను కప్పేది పిల్లకి."

కిందున్న పిల్లలు ఏదో ఫార్ములా రెండోసారి అంటున్నారు. అప్పలసూరి కాగితాన్ని మడత మీద మడత పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, దాని మీద అరచెయ్యి ఉంచుకున్నాడు.

"మా సత్యశ్రీకి పదిహేనో ఏడండి. వాళ్ళమ్మలాగా రాసిందా ఇదంతా?"

"నేను కూడా ఈ పదకొండు వారాల్లో పోల్చుకోలేదు," అంది కనకరత్నం. "తప్పు నాది కూడా. ఒక ఆడమనిషితో మాట్లాడుతున్నాననుకుని సలహాలు చెప్పాను. ఒకే గదిలో భోజనం చెయ్యండి, ఏదో ఒక వంకతో పేరు పెట్టి పిలవండి అన్నాను. ఆ పిల్ల అవన్నీ ఎలా మోసిందో."

"అదా." అప్పలసూరి తల పైకెత్తాడు. "నెల కిందట పిల్ల వచ్చి, నాన్నా, ఈరోజు అమ్మ నీకు నచ్చిన కూర వండుతంది, లోపలికొచ్చి తినమంటంది అన్నాది. నాను ఏటీ అడగలేదు. నాను ఆ కూర అడిగానని వాళ్ళమ్మకి సెప్పినట్టుంది, వాళ్ళమ్మ పిలిచిందని నాకు సెప్పింది. ఇద్దరం వొచ్చి కూకున్నాం. మాటాడలేదు గానీ కూకున్నాం. ఆ తరవాత రోజూ కూకుంటన్నాం." అతను తల ఊపాడు. "మా ఇంట్లో అన్నీ దాని తలకాయలోంచే వచ్చాయన్నమాట."

కనకరత్నానికి ఆ క్షణంలో ఆ పిల్ల మీద కలిగిన గౌరవం మాటల్లో పెట్టలేనిది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు చెయ్యలేని పనిని, చిన్న పిల్ల రెండు అబద్ధాలతో చేసింది. ఒక పక్క ఆ ధైర్యానికి నమస్కారం పెట్టాలనిపించింది. ఇంకో పక్క, అంత బరువు ఆ వయసుకి తగదని తోచింది.

గోడ గడియారం నాలుగుకి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"అప్పలసూరి గారూ, నాలుగింటికి ఆ అమ్మాయి వస్తుంది. నేను మాట్లాడతాను. మీరు బయట వరండాలో కూర్చోవాలి."

"నా కూతురండి."

"మీ కూతురే. కానీ నన్ను నమ్మి వచ్చింది. ఆ పిల్ల ఒప్పుకుంటేనే మిమ్మల్ని లోపలికి పిలుస్తాను. ఒప్పుకోకపోతే మీరు ఇంటికి వెళ్ళి, తనంతట తను చెప్పేదాకా ఏమీ తెలియనట్టుండాలి. అలా ఉంటానని నాకు మాటివ్వాలి."

ఇంకొకరైతే గొడవపడేవాళ్ళు. అప్పలసూరి లేచి నిలబడ్డాడు. "ఉంటాను," అని బయటికి వెళ్ళి, తలుపు తనే దగ్గరగా వేశాడు. అరుస్తూ మెట్లెక్కిన మనిషి గంట తిరక్కుండా ఇలా మాటివ్వడం చూసి కనకరత్నానికి ఎక్కడలేని బలం వచ్చింది.

నాలుగు గంటలకు తెర మీద 'ఒక తల్లి' పేరు పక్కన పచ్చ గుర్తు వెలిగింది.

'నమస్కారం మేడమ్ గారూ. ఈ వారం కొంచెం ఇబ్బందిగా ఉంది,' అని వచ్చింది.

కనకరత్నం చేతులు కీబోర్డు మీద పెట్టి, మొదటి వాక్యం రెండుసార్లు కొట్టి చెరిపేసింది. మూడోసారి పంపింది. 'అమ్మా, నీ మీద నాకు కోపం లేదు. ఒక సంగతి అడుగుతాను. నువ్వు తల్లివి కాదు కదూ?'

ఒక నిమిషం గడిచింది. పచ్చ గుర్తు మాత్రం ఉంది. కనకరత్నం ఇంకేం కొట్టలేదు. ఎదురు చూసింది.

'ఎలా తెలిసింది?'

'తెలిసింది. ఎందుకలా రాశావో చెప్పాలనిపిస్తే చెప్పు.'

ఈసారి అక్షరాలు వరసగా పడ్డాయి. ఆగడం లేదు. 'పిల్లనని చెప్తే మీరు మీ అమ్మానాన్నల్ని తీసుకురా అంటారు కదా. వాళ్ళిద్దర్నీ ఒకచోటికి తీసుకురాగలిగితే నేనెందుకు రాస్తాను మేడమ్ గారూ? పిల్లనంటే పెద్దవాళ్ళ సంగతులు నీకెందుకంటారు. అమ్మనంటే అన్నీ చెప్తారు. మీరు చెప్పినవన్నీ చేశాను. కొన్ని పని చేశాయి. మీరు నిజంగా మంచి సలహాలు చెప్పారు. మిమ్మల్ని మోసం చేశాను, క్షమించండి. ఇంక రాయను.'

కనకరత్నం కళ్ళు మసకబారాయి. కొంగుతో తుడుచుకుని కొట్టింది. 'రాయి. నీ పేరుతో రాయి. ఇంతవరకూ నేను మాట్లాడినవాళ్ళలో నీ అంత బాగా విన్నవాళ్ళు లేరు. ఒక్క సంగతి చెప్పాలి. చెప్పకపోతే నేను నిన్ను మోసం చేసినట్టవుతుంది. రాత్రి సంచిలో దొరికిన కాగితాలు పట్టుకుని మీ నాన్నగారు ఇక్కడికి వచ్చారు. వరండాలో కూర్చున్నారు. నువ్వు పిలవమంటేనే పిలుస్తాను. వద్దంటే ఆయన ఏమీ తెలియనట్టే ఉంటానని మాటిచ్చారు.'

'కోపంగా ఉన్నారా?'

'వచ్చినప్పుడు ఉంది. ఇప్పుడు లేదు.'

'దుప్పటి సంగతి చదివారా?'

'చదివారు.'

తరవాత ఒకే మాట. 'పిలవండి.'

మెసెంజర్లో మాట్లాడే సదుపాయం ఉంది. కనకరత్నం అతన్ని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. హెడ్‌ఫోను అతని తలకి పట్టలేదు. అందుకని స్పీకర్లు పెట్టి, చిన్న మైకు అతని ముందు ఉంచింది. అటుపక్క స్టీల్‌ప్లాంటు దగ్గరి కూర్మన్నపాలెంలో, పిల్ల కూర్చున్న ఇంటర్నెట్ సెంటర్లో ఫ్యాను చప్పుడు, ఎవరో పాట పెట్టుకున్న శబ్దం.

"అమ్మా," అన్నాడు అప్పలసూరి, మైకుకి మరీ దగ్గరగా వంగి. "నానే."

"నాన్నా."

"నాను దుప్పటి కప్పేటప్పుడు నువ్వు పడుకోలేదేటి?"

"లేదు."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ లేదు నాన్నా."

అప్పలసూరి అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. కనకరత్నం తన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

"మరి కళ్ళు తెరవలేకపోనావా అమ్మా? నాను ఎందుకు రాను? తెరిసుంటే ఆ రోజే మాటాడుకునే వాళ్ళం కదా." ఆగి, మళ్ళీ తనే అన్నాడు. "కాదులే. నీ తప్పేటుంది. నాను పిలవాల్సింది. పెద్దోళ్ళం మేం. మీ అమ్మలాగా నువ్వు రాయక్కర్లేదు. నాలాగా సెప్పక్కర్లేదు. ఎవరి మాట వాళ్ళు సెప్పుకుంటాం. నువ్వు మా పిల్లవి, అలాగే ఉండు. అర్థమైందా?"

"మరి మీరు సెప్పుకోరు కదా నాన్నా," అంది సత్యశ్రీ. "రెండేళ్ళు సూశాను. సెప్పుకోలేదు. అన్నయ్య ఎల్లిపోనాడు, మీ ఇద్దరూ కూడా ఎల్లిపోనట్టే ఉంది నాకు. ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నట్టు ఉంటాది."

అతను మైకుని రెండు చేతుల్తో పట్టుకుని, "ఇంటికొత్తన్నాను," అన్నాడు. "ఇప్పుడే బయల్దేరతాను. మీ అమ్మతో మాటాడతాను. పేరు పెట్టి పిలుత్తాను. నువ్వు ఎదురుగుండా కూకుని సూడు."

అటుపక్క ఏదో కుర్చీ జరిగిన చప్పుడైంది. సత్యశ్రీ ఎవరితోనో గబగబా మాట్లాడుతోంది. తరవాత మళ్ళీ దగ్గరగా వచ్చింది గొంతు. ఈసారి గుసగుసలా.

"నాన్నా. అమ్మొచ్చింది. నా ఎనకాల నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో నాకు తెల్దు. సంచి ఇప్పి సూశావు కదా రాత్రి, అందుకని ఈరోజు నా ఎనకాలే వచ్చిందంట. నేను అన్నవన్నీ ఇన్నాది."

సెక్టారు దాటి రెండేళ్ళుగా కాలు బయట పెట్టని మనిషి, కూతురి వెనకాల బస్సెక్కి, ముక్కూమొహం తెలియని మనుషులున్న సెంటర్లోకి వచ్చి నిలబడింది. కనకరత్నం ఆ సంగతి అర్థమై, అప్రయత్నంగా లేచి నిలుచుంది. అప్పలసూరి మైకు వదల్లేదు.

హెడ్‌ఫోను చేతులు మారిన గరగర వినిపించింది. పిల్ల 'ఇక్కడ మాటాడమ్మా' అని చూపిస్తోంది. తరవాత ఒక ఊపిరి. చాలా దగ్గరగా.

"గౌరీశ్వరీ," అన్నాడు అప్పలసూరి. ఆమెని ఆ పేరుతో పిలిచి రెండేళ్ళయింది. "గౌరీశ్వరీ. ఆరోజు ఆసుపత్రిలో నాను అన్నది తప్పు. పాపపు మాట. నువ్వు పంపలేదు, మన కర్మ అలా ఉంది. నన్ను..."

"ఉండు." ఆ గొంతు మెల్లగా, వాడకుండా ఉంచేసిన తలుపు తెరుచుకున్నట్టు, బొంగురుగా వచ్చింది. "నువ్వు ఇంటికి రాకు. అక్కడే కూకో. పిల్లని తీసుకుని నానే అక్కడికి వత్తన్నాను."

"ఇక్కడికా? ఎందుకు?"

"ఆ మేడమ్ గారి ముందు సెప్తాను. ఒక్కదాన్నే నీ ముందు నిలబడి సెప్పలేను." హెడ్‌ఫోను మళ్ళీ గరగరమంది. "ఆరోజు సందీప్ సముద్రానికి ఎల్తానని అడిగింది నన్ను కాదు సూరీ. పొద్దున్న ఎవరి మంచం దగ్గర నిలబడి అడిగాడో, ఎవరు కళ్ళు తెరవకుండానే ఎల్లరా అన్నారో, నాను గుమ్మంలోంచి సూశాను. రెండేళ్ళు ఆ మాట నా నోట రాకూడదని నోరు మూసుకున్నాను."